గానుగ మంచిదే, షేరు ధర మాటేమిటి?

(బెంగుళూరు ఉగాది సభలో చేసిన ప్రసంగం)



పంచాంగశ్రవణంలో ఏ రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని మనమంతా చెవి ఒగ్గి వింటాము. ఈ మధ్య మన ఇళ్లలో అంత శ్రద్ధగానూ వింటున్నది చిప్పుల యంత్రాల కంపెనీల జాతకం. అప్లైడ్ మెటీరియల్స్‌కూ, లామ్ రీసెర్చ్‌కూ ఈ ఊళ్లోనే కేంద్రాలున్నవి. ఇటువంటి చోట్ల పనిచేసే మన పిల్లలు కొందరికి జీతంతోపాటు షేర్లూ వస్తున్నవి. అది చూసి పెద్దలు, పెన్షను డబ్బు కూడా ఆ షేర్లలో పెట్టవచ్చునా అని అడుగుతున్నారు.

ఈ సంస్థలు చిప్పులు చేయవు. చిప్పులు చేసే యంత్రాలు చేస్తవి. అతిసూక్ష్మమైన గీతలు అచ్చువేసే ఇ.యు.వి. యంత్రాన్ని నెదర్లాండ్స్‌లోని ఏ.ఎస్.ఎం.ఎల్. తప్ప మరొకరు అమ్మడం లేదు. ఆ పనితనానికి చేయెత్తి నమస్కరించవలసిందే. మా సందేహమల్లా ధర మీదనే.

ఒక ఊళ్లో 100 గానుగలున్నవనుకొందాము. ఏటా 10 అరిగిపోతవి. ఒక ఏడు నూనె గిరాకీ నూటికి 10 వంతులు పెరిగినది. అరిగినవాటికి 10, పెరిగిన గిరాకీకి 10, వెరసి 20 గానుగలకు వడ్రంగికి బయానా ముట్టినది. నూనె పెరిగినది పదోవంతు, వడ్రంగి పని రెట్టింపు! మరుసటి ఏడు గిరాకీ తగ్గనక్కరలేదు, ఉన్నచోట నిలిస్తే చాలు, వడ్రంగికి మళ్లీ 10, 11 గానుగలే. “లాభానికి 30 రెట్లే గదా ధర” అని వాని షేరు కొన్నవారు (వడ్రంగికి షేర్లేమిటంటారా, ఉన్నవనుకోండి) 20 గానుగలు చేసిన ఏటి లాభం చూసి కొన్నారు. 10 చేసే ఏటికి లెక్కవేస్తే అదే ధర 60 రెట్లు.

అప్లైడ్ మెటీరియల్స్ అమ్మకాలు 2000 ఆర్థిక సంవత్సరంలో సుమారు 956 కోట్ల డాలర్లు; 2003లో 448 కోట్లు. కంపెనీ మునగలేదు, నేటికీ దివ్యంగా ఉన్నది. అయినా 2000లో శిఖరాన కొన్నవారికి ఆ ధర మళ్లీ కనబడినది 2017లో. బారసాల చేసిన పిల్లవాడు కాలేజీలో చేరే కాలమది! 2024 అక్టోబరులో ఏ.ఎస్.ఎం.ఎల్., మరుసటి ఏడు అమ్మకాలు పెరుగుతవంటూనే అంచనా కాస్త తగ్గించగా, షేరు ఒక్కరోజులో నూటికి 16 వంతుల దాకా పడినది.

ఈసారి కృత్రిమ మేధ వచ్చినది, పాత లెక్కలు చెల్లవంటారు. 2000లో ఇంటర్నెట్టును గురించీ అదే అన్నారు. ఇంటర్నెట్టు నిజంగానే వచ్చినది. షేరు కొన్నవారే 17 ఏళ్లు కూర్చున్నారు.

ఆర్డర్లు తగ్గిన ఏడు మన పిల్లల ఉద్యోగానికీ, షేరుకూ ఒకేసారి దెబ్బ తగలవచ్చును. అందుచేత, వచ్చిన షేర్లలో కొన్ని అమ్మి ఇంటి అప్పు తీర్చుకొనే పిల్లలను పిరికివాళ్లనకండి. ఇక పెన్షను డబ్బు సంగతి అడిగిన పెద్దలకు మా జవాబు: ఈ ధరకు వద్దు.