పడగొట్టే బలం
(కామారెడ్డి, ఎల్లారెడ్డి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన జాతరల్లో కుస్తీలు చూసే ఉంటారు. పక్కన నిలబడి చూసినవాళ్ళమే, బరిలోకి ఎవరు రానిచ్చారు? కుస్తీలోనైనా, చైనా వాళ్ళ షువాయ్ జియావోలోనైనా మనిషిని పడగొట్టేది కండ ఒక్కటే కాదు. కండబలాన్ని చైనా యుద్ధవిద్యల్లో ‘లి’ అంటారు. పాదంలో పుట్టి, నడుము మలుపుతో చేతికి చేరే సాధన బలం ‘జిన్’. వాడు తోస్తే ఎదురు తోయకుండా పక్కకు జరిగి అదే ఊపున లాగాలి. లాగితే, వాడితోపాటే ముందుకెళ్ళి నెట్టి, కాలు అడ్డం పెట్టాలి. వరికట్ట నెత్తికెత్తుకునే ఆడదానికి ఈ నడుం బలం కొత్తది కాదు, తనకోసం వాడుకోవడమే కొత్త.

చట్టం కూడా మనల్ని ఊరికే దెబ్బలు తినమనలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 సెక్షన్లు ఆత్మరక్షణ హక్కు గురించే. అవసరానికి మించి కొట్టకూడదన్నది హద్దు. అత్యాచారానికో, యాసిడ్ దాడికో తెగబడినవాడి మీద ఆ హక్కు, చట్టం పెట్టిన హద్దుల్లోనే, ప్రాణం తీసేదాకా వెళ్తుంది.

రోజూ ఇంట్లో కొట్టే మొగుడి దగ్గర మాత్రం ఏ పట్టూ చాలదు. అక్కడ 2005 గృహహింస చట్టం కావాలి, వాకిట్లోకి వచ్చి నిలబడే పదిమంది ఆడవాళ్ళు కావాలి.

రెండుచోట్లా బడి మైదానంలో సాయంత్రం ఒక గంట ఆడపిల్లలకు ఇమ్మని అడుగుదాం. నేర్పేది ఆడమనిషి కావాలి. దెబ్బ తగలకుండా పడటం ముందు నేర్పాలి. సంతకాలు ఇవాళే మొదలు పెడదాం.