టిక్కెట్టు మనది, గల్లాపెట్టె యెవరిది?
(నస్రుల్లాబాదు సభలో నిచ్చిన యుపన్యాసము)



2005 దీపావళికి బెంగుళూరునుండి యింటికి రాఁగోరిన ఫణీంద్ర సామా యను మన పూర్వపు నిజామాబాదు జిల్లా యువకునికి బస్సులోఁ జోటు దొరకలేదు. ఏ బస్సున నెన్ని సీట్లు మిగిలినవో యే యేజెంటునకును పూర్తిగాఁ దెలియదు. టెలిఫోనులో నడిగి తెలిసికొనవలసినదే. ఆ చిక్కు విప్పుటకై యతఁడును ఇద్దఱు మిత్రులును 2006లో రెడ్‌బస్ స్థాపించిరి. జనులు కంప్యూటరు ముందు కూర్చుండియే సీటెన్నుకొనసాగిరి. 2013లో నా సంస్థ యిబిబో ద్వారా దక్షిణాఫ్రికా కంపెనీయగు నాస్పర్స్ వశమయ్యెను.

అమ్మినవారిని మేము నిందింపము. పెట్టుబడిదారుల ధనము నందుఁ గలదు. పెట్టినవాఁడు లాభముతో మరలఁ గోరును. మా చింత వేఱు.

బాన్సువాడ ప్రాంతమున వరికోతలనాఁడు కోతయంత్ర మెవరి పొలమున నున్నదో, లారీ యెప్పుడు వచ్చునో తెలియక రైతు ధాన్యపురాశికడ రాత్రులు గడపుచున్నాఁడు. ఇదియు నా బస్సుసీటు చిక్కువంటిదే. దీనిని విప్పఁగల యువకులు నస్రుల్లాబాదున లేకపోరు. 2015లో హైదరాబాదున వెలసిన టీ-హబ్‌లో సలహా దొరకును. మూలధనమో? 1995 నాఁటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టముక్రింద, సర్కారు వాటా లేకయే, సభ్యుల సొంత వాటాలతో సంఘము పెట్టవచ్చును. నిబంధనావళి వ్రాయుట మాకు వృత్తి; ఫీజు లేకయే వ్రాసి యిత్తుము. వాటాలు కొనువారెవరో యీ సభలోనే చెప్పుఁడు.