హస్త నక్షత్రం పక్కన రెండు తోకలు

ఇంటి టెలిస్కోపుతో తీసిన గెలాక్సీల ఫొటోను ఎలా చూసి ఆనందించాలో ఈ పూట చెప్పుకుందాం.

మార్చి నెలలో రాత్రి తొమ్మిది దాటాక బాపట్ల దగ్గరి సూర్యలంక తీరాన నిలబడి ఆగ్నేయంగా చూడండి. సముద్రం మీద ఐదు చుక్కల హస్త నక్షత్రం కనిపిస్తుంది. దాని పక్కనే, కంటికి ఆనకుండా, రెండు గెలాక్సీలు ఢీకొంటున్నాయి. 1785లో విలియం హెర్షెల్ వాటిని కనుగొన్నారు. యాంటెన్నా గెలాక్సీలని పేరు. దూరం 6 కోట్ల కాంతి సంవత్సరాలకు పైనే. ఒకదాన్నొకటి లాక్కోవడంలో నక్షత్రాలు బయటికి చిమ్మి రెండు పొడవాటి తోకలయ్యాయి. దగ్గరి వైపును ఎక్కువగా, దూరపు వైపును తక్కువగా లాగే ఆకర్షణ అది. చంద్రుడి వల్ల మన తీరాన ఆటుపోట్లు వచ్చేదీ అందుకే. తోకల పుట్టుక ఇదేనని 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు.

తెనాలిలో ఊరి దీపాల వెలుగు అడ్డు కాబట్టి, ఎనిమిది అంగుళాల టెలిస్కోపు ఉన్నవారు కూడా చీకటి తీరానికి వెళితే మేలు. భూమి తిరిగే వేగానికి సరిగ్గా మోటారు టెలిస్కోపును తిప్పాలి. అందుకు దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు గురిపెడతారు. మన దగ్గర ధ్రువుడు 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. చెయ్యి చాచి చూస్తే పిడికిలిన్నర. కొబ్బరిచెట్టు అడ్డొచ్చినా కనబడడు. రేపల్లె వైపు డెల్టాలో తేమ ఎక్కువ. అద్దం మీద చెమ్మ పట్టకుండా వేడి పట్టీ చుట్టాలి.

మూడేసి నిమిషాల ఫొటోలు వంద తీస్తారు. ఒక్కో ఫొటోలో గరుకే తప్ప తోక దాదాపు కనిపించదు. వందా కలిపి సగటు తీస్తే ఆ గరుకు పదో వంతుకు తగ్గుతుంది. అప్పుడు తోక తేలుతుంది.

ఇక చూడడం. ముందు మూలల్లోని చుక్కలు గుండ్రంగా ఉన్నాయో లేదో గమనించండి. నడుమ గులాబీ మచ్చలుంటే, అవి గుద్దుకున్న వాయువులో కొత్త నక్షత్రాలు పుడుతున్న చోట్లు. తర్వాత తోకను వేలితో వెంబడించండి. ఆకాశాన్ని కాటుకలా నల్లగా చేస్తే ఫొటో మెరుస్తుంది, తోక మాయమవుతుంది. ఆ సన్నని వెలుగు నిలిచేలా బూడిద ఛాయ ఉంచడంలోనే ఫొటో తీసినవారి నేర్పు తెలుస్తుంది.

ఎవరైనా ఇలాంటి ఫొటో చూపిస్తే టెలిస్కోపు ధర అడక్కండి. ఎన్ని గంటలు తీశారో, తోక ఎక్కడిదాకా దొరికిందో అడగండి. తీసినవారు సంతోషంగా చెబుతారు.