గుర్తు చూసి కొట్టే వైద్యం – థైరాయిడ్ క్యాన్సర్



“థైరాయిడ్ క్యాన్సర్‌కు ఇమ్యునోథెరపీ వచ్చిందట కదా, ఇల్లు అమ్మైనా చేయించమంటారా?” అని అడిగేవారు ఉన్నారు. ఈరోజు దానికే జవాబు చెబుతాను.

మన ప్రతి కణం పైపొర మీద కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి ఇంటి గుమ్మానికి పేరుపలక లాంటివి. వాటిని చూసే రక్షక కణాలు మనవాళ్లెవరో, పరాయివాళ్లెవరో గుర్తుపడతాయి. రోగి టి-కణాలను బయటికి తీసి, ఫలానా గుర్తున్న కణాన్నే చంపేలా మార్చి, మళ్లీ ఎక్కించడాన్ని కార్-టి చికిత్స అంటారు. ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ కృషితో 2023లో మన దేశంలో అనుమతి పొందిన కార్-టి, సీడీ19 అనే గుర్తును పడుతుంది. అది కొన్ని రక్త క్యాన్సర్లకే. థైరాయిడ్ కణాలపై ఆ గుర్తు ఉండదు.

మరి థైరాయిడ్‌కు ఏ గుర్తు? మొదట కనిపించేది టీఎస్‌హెచ్ రిసెప్టర్. దాన్ని కొడితే మంచి థైరాయిడ్ కణాలూ పోతాయి. అయినా రోజుకో థైరాక్సిన్ మాత్రతో మనిషి బతకగలడు. గుండెకు, ఊపిరితిత్తులకు ఆ వెసులుబాటు లేదు. చిక్కేమిటంటే, అన్నిటికన్నా ప్రమాదకరమైన అనాప్లాస్టిక్ రకం తరచుగా ఈ గుర్తునే పోగొట్టుకుంటుంది. అందుకే ఐకామ్-1 అనే మరో గుర్తు మీద కార్-టి ప్రయోగాలు చేస్తున్నారు. అది మంచి కణాల మీద కూడా కొంత ఉంటుంది కనుక, ఎంతో జాగ్రత్త అవసరం. మెడుల్లరీ రకానికి జీఎఫ్ఆర్ ఆల్ఫా-4 అనే గుర్తును పరీక్షిస్తున్నారు. ఇవన్నీ ఇంకా ప్రయోగ దశలోనివే.

ఇక ఇల్లు అమ్మే మాట. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చేది పాపిల్లరీ రకం. ఆపరేషన్‌తో, అవసరమైతే రేడియో అయోడిన్‌తో వారిలో అత్యధికులు బాగవుతారు. వారికి ఇమ్యునోథెరపీ అక్కరే రాదు.

కనుక మెడలో గడ్డ కనిపించినా, గొంతు బొంగురు తగ్గకపోయినా, మింగడం కష్టమైనా దాచుకోకండి. స్కానింగ్, అవసరమైతే సూది పరీక్ష చేయించుకోండి. ఎవరైనా ఖరీదైన కొత్త వైద్యం చెబితే మూడు ప్రశ్నలు అడగండి: మాది ఏ రకం? ఏ గుర్తు కోసం పరీక్షించారు? ఇది అనుమతి ఉన్న చికిత్సా, ప్రయోగమా? జవాబులు కాగితం మీద రాయించుకున్నాకే ఇంటి కాగితాలు బయటికి తీయండి.