కొత్త యింటి గోడ – బూజు మందు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి రుచి నాలుక మీద ఉండగానే బూజు సంగతి ఎత్తుకున్నందుకు మమ్ములను మన్నించవలెను. ఈ యేడు వాన ఎంత కురుస్తుందో పంచాంగ శ్రవణములో విన్నాము. ఆ వాన మన గోడల లోపలికి ఎంత వస్తుందో పంచాంగము చెప్పదు గనుక ఆ మాట మేము చెప్పబూనినాము.

మనవారు ఈ ముంబయికి (పెద్దలకు ఇప్పటికీ బొంబాయే) వచ్చినది చాలవరకు ఇతరుల యిండ్లు కట్టడానికి. కామాటిపురానికి ఆ పేరు మన కామాటీల వలననే వచ్చినది. ఒకరి గోడలకు సున్నము వేసినవారి మనుమలు నేడు స్వంత ఫ్లాటు తాళపుచెవి చేతపట్టుకుంటున్నారు. సంతోషమే. కాని ఏడాదికి రెండువేల మిల్లీమీటర్లకు పైగా వాన పడే ఊరు ఇది. కొత్త గోడలో సిమెంటుకు, పూతకు పోసిన నీరే ఇంకా ఆరి ఉండదు; దాని మీద వానకాలము వచ్చిపడుతుంది.

మా యింటిలో జరిగినది చెప్పుతాము. ఒక ఉగాదికి కొత్త ఫ్లాటులో పాలు పొంగించినాము. శ్రావణమాసము వచ్చేసరికి పడమటి గోడ నిండా నల్లని చుక్కలు. గోడకు ఆనించిన బీరువాలో పట్టుచీరల మడతలకు తెల్లని బూజు. రంగు వేసినవాడు ఒక డబ్బా తెచ్చి, చెదలకూ బూజుకూ ఇదే మందు, పదేండ్లు చూసుకోనక్కరలేదన్నాడు. డబ్బా మీద లేబులు లేదు. మేమూ అడుగలేదు. వాన అని కిటికీలు మూసి చల్లించినాము. ఆ రాత్రి మా మనుమరాలికి కండ్ల మంట, ఎడతెగని దగ్గు. డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, ‘‘ఏమి మందు చల్లించినారు?’’ అని. చెప్పడానికి మా దగ్గర పేరే లేదు. అంత చదువుకున్నవారమూ తలలు వంచుకొని నిలబడినాము. పిల్ల రెండు రోజులకు తేరుకున్నది. బూజు మాత్రము మరుసటి నెలకే మళ్లీ వచ్చినది.

లేబులు ఎందుకో అప్పటినుంచి తెలుసుకున్నాము. 1958లో ఒక ఓడలో గోధుమపిండి బస్తాలతో పాటు పారాథియాన్ అనే పురుగుమందు కూడా వచ్చి, అది పిండిలో కలిసి, కేరళలోను నాటి మద్రాసు రాష్ట్రములోను నూరుమందికి పైగా మరణించినారు. ఆ ఘోరము తరువాతనే 1968లో క్రిమిసంహారక మందుల చట్టము, 1971లో దాని నియమావళి వచ్చినవి. పేరు క్రిమిసంహారకమైనా, బూజు జాతిని చంపే శిలీంధ్రనాశకములు కూడా అందులో చేరినవే. అటువంటి మందు రిజిస్టరు కావలెను. అమ్మేవానికి లైసెన్సు ఉండవలెను. కూలికి వచ్చి యిండ్లలో మందు కొట్టే వ్యాపారికీ ఉండవలెను. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, లోపలి మందు పేరు, దాని పాలు, బ్యాచి, గడువు తేదీ, విరుగుడు – ఇవన్నీ అచ్చు వేయవలెను. మూలకు నిలబెట్టిన చదరము ఒకటి ఉంటుంది. దాని క్రింది సగము ఎరుపైతే అత్యంత విషము. తరువాత పసుపుపచ్చ, నీలము, చివరకు ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే విషము తక్కువ అని అర్థము. పాలలో కలిపి తాగవచ్చునని కాదు.

నంబరు ఉన్నంత మాత్రాన చాలదు. మందు ఏ పనికి రిజిస్టరయినదో చూడవలెను. ఊరికి పోయి వచ్చేటప్పుడు అన్నదమ్ముల యింట మిగిలిన పొడి, వరికో మిరపకో కొట్టేది, తెచ్చి సున్నములో కలిపేవారు మనలో ఉన్నారు. పైరుకు అనుమతి పొందినది పడకగదికి అనుమతి పొందినట్లు కాదు. మన తాతలు సున్నములో మైలుతుత్తము కలిపేవారు కదా అని ఒకరు అడిగినారు. నిజమే; రైతులెరిగిన బోర్డో మిశ్రమము కూడా ఆ రెండింటిదే. అయితే అందులో సగము పని సున్నముది. తాజా సున్నపు ఘాటుకు బూజు నిలువదు, ఏండ్లు గడిచి ఆ ఘాటు తగ్గేవరకు. మైలుతుత్తము నోట పడితే విషము. పసిపిల్లలు గోడలు నాకే యింట మేమైతే కలుపము.

అసలు మాట వేరే ఉన్నది. బూజు బ్రతికేది నీటి వలన. నీరు ఆపని మందు ఎంత మంచిదైనా దండుగ. చచ్చిన బూజు కూడా గోడ మీద ఉంటే దగ్గు తెప్పించగలదు. తుడిచి తీయవలసినదే, దాని మీద రంగు వేయరాదు. కొద్ది మేర అయితే సబ్బునీటితో, ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిగుడ్డతో తుడవండి. పొడిచీపురుతో దులిపితే యిల్లంతా చల్లినట్లే. (దులిపే బూజు, పట్టే బూజు రెంటికీ మన భాషలో ఒకే పేరు ఉండుట వలన వచ్చిన చిక్కు ఇది.) బ్లీచింగు ద్రవమును మరుగుదొడ్డి కడిగే ఆమ్లముతో గాని, అమోనియాతో గాని కలుపవద్దు, ప్రాణము తీయగల వాయువు పుట్టుతుంది.

గోడ ఆరినదో లేదో తెలియాలంటే జానెడు ప్లాస్టిక్కు కాగితమును నాలుగంచులా అంటించి ఒక రోజు ఉంచండి. కాగితపు లోపలివైపు చెమ్మగిల్లితే నీరు గోడలో ఉన్నది. అటువంటి గోడకు అప్పుడే ప్లాస్టిక్కు రంగు వేసి ఊపిరి బిగించవద్దు. తొలకరికి ఇంకా రెండు నెలలకు పైగా గడువున్నది. కిటికీల అంచులు, పై యింటి స్నానాల గది క్రింద చెమ్మ, గోడ బయటి నెర్రెలు ఈ ఎండలలోనే బాగు చేయించండి. బీరువాను గోడకు జానెడు దూరము జరపండి.

అమెరికాలో కొత్త యిల్లు కొంటున్న మన పిల్లలకు ఒక మాట. అక్కడి యిండ్లు కర్రచట్రము, కాగితపు తొడుగున్న జిప్సము పలకలు. బూజుకు రెండూ ఆహారమే. అక్కడ 1947 నాటి చట్టము క్రింద మందుకు ఇ.పి.ఏ. రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. దాని ప్రక్కనే మరొక నంబరు ఉంటుంది, అది తయారైన కార్ఖానాది. దానిని చూసి మోసపోరాదు. అక్కడి నిబంధనల ప్రకారము అటువంటి మందు లేబులు మీద ‘‘హాని లేనిది’’, ‘‘విషము కానిది’’ అని వ్రాయరాదు. కనుక అమ్మేవాడు ఎంత గట్టిగా ఆ మాట అంటే అంత గట్టిగా లేబులు చూపమనండి.

ఇక్కడి లేబులు హిందీ, ఇంగ్లీషులతో పాటు ఒకటి రెండు ప్రాంతీయ భాషలలో ఉంటుంది. మనకు చిక్కేది తరచు మరాఠీ. మరాఠీ చదివే పిల్లలు మన యిండ్లలో కొదువ లేరు. డబ్బా కొనకముందే లేబులు ఫోటో తీసి ఆదివారము సంఘము గదికి తీసుకొని రండి. మా మనుమరాలు కూడా వస్తుంది, కూర్చొని చదువుదాము.