ఉక్కు నగరంలో విడిది

దేశాటనానికి బయలుదేరేవారికి రెండు విధాలైన ఊళ్ళు కావాలి. ఒకటి చూడవలసిన ఊరు, రెండవది ఉండవలసిన ఊరు. ఈ రెండూ ఒకటే కానక్కరలేదు. మన పెద్దలు యాత్రలకు పోయినప్పుడు ప్రతి క్షేత్రంలోనూ మూటలు విప్పేవారు కారు. రాకపోకలకు వీలైన ఒకచోట విడిది చేసి, చుట్టుపట్ల క్షేత్రాలు సేవించి, ప్రొద్దు గుంకేసరికి తిరిగి విడిదికి చేరుకునేవారు. జపాను యాత్రలోనూ ఈ పాత పద్ధతి ఎంతో ఉపకరిస్తుంది. అందుకు పేరుపొందిన సుందర నగరం కంటె ఒక పారిశ్రామిక నగరమే ఎట్లు అనుకూలిస్తుందో నేడు మనవి చేయదలచినాను.

జపాను వెళ్ళే మనవారు సాధారణంగా టోకియో, క్యోటో, ఒసాకా నగరాలనే తలుస్తారు. పడమటి జపానును చూడగోరేవారు ఒకసారి దేశపటంలో హోన్షూ ద్వీపపు పడమటి కొసను, దాని కెదురుగా ఉన్న క్యూషూ ద్వీపపు ఉత్తరపు కొసను పరికించవలె. రెంటి నడుమ కన్మోన్ జలసంధి ఉన్నది. ఇరుకైన చోట దాని వెడల్పు ఒక కిలోమీటరైనా లేదు. ఆ జలసంధి ఒడ్డుననే కితాక్యూషూ నగరం వెలసినది. ఉత్తర క్యూషూ అని ఆ పేరుకు అర్థం. మోజి, కోకురా, తొబాతా, యవాతా, వకమత్సు అనే ఐదు పట్టణాలను 1963 ఫిబ్రవరిలో ఏకంచేసి ఈ నగరాన్ని ఏర్పరచినారు. ఈ ఐదింటిలో మన విడిదికి తగినది కోకురా.

యవాతాలో ప్రభుత్వ ఉక్కు కర్మాగారం 1901లో పని ప్రారంభించినది. సమీపాన చికుహో గనుల బొగ్గు, చైనా నుండి ఓడలపై వచ్చే ఇనుప ఖనిజం, ఓడలు నిలువగల రేవు, ఈ మూడూ ఒకచోట సమకూడడమే అందుకు కారణం. బొగ్గును, ఉక్కును మోయడానికి రైలుమార్గాలు పెరిగినవి. 1942లో జలసంధి క్రిందుగా రైలు సొరంగం, 1958లో రోడ్డు సొరంగం, 1973లో పెద్ద వంతెన ఏర్పడినవి. 1975లో షింకాన్సెన్ అనే అతివేగపు రైలు ఒసాకా వైపు నుండి కోకురా మీదుగా హకాతా చేరినది. కర్మాగారాల కొరకు పెరిగిన కూడలి నేడు యాత్రికునికీ కూడలి అయినది. పరిశ్రమల ఊరు విడిదికి అనుకూలమనడానికి మొదటి కారణం ఇదే.

ఇక కాలగణన చూతము. కోకురాలో షింకాన్సెన్ ఎక్కితే హకాతా, అనగా ఫుకువోకా నగరం, పదహారు పదిహేడు నిమిషాల ప్రయాణం. తూర్పుగా పోతే హిరోషిమా సుమారు 50 నిమిషాలు. దక్షిణాన కోట గల కుమమోతో సుమారు ఒక గంట. వేడినీటి బుగ్గలకు ప్రసిద్ధి కెక్కిన బెప్పు, సముద్రతీరం వెంబడి పోయే సోనిక్ రైలులో సుమారు గంటంబావు. ఈ సోనిక్ రైలు విషయంలో ఒక వింత ఉన్నది. హకాతా నుండి వచ్చే ఆ రైలు కోకురాలో ముందు వెనుకలు మార్చుకొని బయలుదేరుతుంది. అప్పుడు ప్రయాణికులందరూ లేచి ఎవరి ఆసనాన్ని వారే ఎదురు దిక్కునకు త్రిప్పుకొంటారు.

ఇచ్చట ఒక జాగ్రత్త చెప్పవలె. జపాను రైల్వేలు ఒకే సంస్థ చేతిలో లేవు. క్యూషూలోని సాధారణ మార్గాలు ఒక కంపెనీవి. కోకురా, హకాతాల నడుమ షింకాన్సెన్ మాత్రం పడమటి జపాను కంపెనీది. కనుక క్యూషూ కంపెనీ అమ్మే యాత్రికుల పాసు ఆ చిన్న దూరానికి షింకాన్సెన్‌లో చెల్లదు. అదే పాసుతో క్యూషూ కంపెనీవారి ఎక్స్‌ప్రెస్ రైలులో ముప్పాతిక గంటకు హకాతా చేరవచ్చును. ఏ పాసు ఎంతవరకు చెల్లునో కొనేముందే విచారించుకొన్నవారికి ద్రవ్యమూ కాలమూ కలిసివస్తవి.

బసకు వత్తము. పారిశ్రామిక నగరాలకు వచ్చేవారిలో పెక్కుమంది కంపెనీ పనులమీద వచ్చే ఉద్యోగులు. వారి కొరకు స్టేషనుకు కాలినడక దూరంలో హోటళ్ళు ఏర్పడినవి. గదులు ఇరుకు, గాని శుభ్రం. అనేక హోటళ్ళలో నాణెం వేస్తే బట్టలు ఉతికే యంత్రం ఉంటుంది. నాలుగు జతల బట్టలతో రెండు వారాలు తిరగదలచినవారికి అది తోట కంటె, సరస్సు కంటె ముఖ్యం. పెద్ద పెట్టె గదిలో ఉంచి, ఉదయం చేతిసంచీతో బయలుదేరి, రాత్రికి అదే గదికి తిరిగి రావచ్చును. రోజుకొక ఊళ్ళో పెట్టె సర్దుకొనే శ్రమ తప్పుతుంది. పిల్లలతోనో, పెద్దవారితోనో ప్రయాణించేవారికి ఈ సుఖం విలువ బాగా తెలుస్తుంది.

భోజనం మాట. కోకురా నడిబొడ్డున ఒక చిన్న నది ఒడ్డున తంగా సంత ఉన్నది. ఈ ప్రాంతంలో 2022లో రెండుసార్లు పెద్ద అగ్నిప్రమాదాలు జరిగి ఎన్నో అంగళ్ళు కాలిపోయినవి. అయినా సంత నిలిచినది. చేపలు, కూరగాయలు, ఊరగాయలు అమ్మే ఇరుకు సందులలో నుకదకి అనే వంటకం కనబడుతుంది. బియ్యపు తవుడులో ఉప్పు కలిపి పులియబెట్టి, ఆ ముద్దతో చేపలను ఉడికిస్తారు. మనవైపు పశువుల తొట్టికి పోయే తవుడు అక్కడ ఇంటింటా తరతరాలుగా కాపాడుకొనే వంటదినుసు. శాకాహారులు మాత్రం ఒకటి గుర్తుంచుకోవలె. కూరగాయలతో చేసినట్లే కనబడే పులుసులలోనూ ఎండుచేపల రసం కలుస్తుంది. అడిగి తెలిసికొనక తినరాదు.

దూరప్రయాణం చేయలేని రోజున చుట్టుపట్లనే చూడదగినవి కలవు. మోజి రేవులోని పాత రైలు స్టేషను 1914 నాటిది. అక్కడికి దగ్గరగా సముద్రం క్రింద కాలినడక సొరంగం ఉన్నది. పొడవు సుమారు 780 మీటర్లు. నడచేవారు రుసుము చెల్లించనక్కరలేదు. నడుమ నేలమీద రెండు రాష్ట్రాల ఎల్ల గీచి ఉంటుంది. ఒక ద్వీపం నుండి వేరొక ద్వీపానికి పావుగంటలో నడచిపోవచ్చును. ఆవలి ఒడ్డున షిమొనొసెకి. ఈ జలసంధిలోనే 1185లో జరిగిన దన్నోఉరా నౌకాయుద్ధంలో బాలచక్రవర్తి అంతోకు మునిగిపోయినాడు. ఆయన పేర అక్కడ అకమా దేవాలయం వెలసినది.

ఇంతవరకు విడిది సౌకర్యాలు చెప్పినాను. విడిది అయిన ఊరికి సొంత చరిత్ర లేదనుకొనరాదు. ఒకప్పుడు యవాతా పొగగొట్టాల నుండి వెలువడే పొగను ఏడురంగుల పొగ అని జనులు గర్వంగా చెప్పుకొనేవారు. ఆ పొగయే ఉతికి ఆరవేసిన బట్టలను నల్లచేసినది, పిల్లలకు ఉబ్బసం తెచ్చినది. కర్మాగారాల మురికి కలిసి దోకాయ్ అఖాతానికి మృతసముద్రమనే పేరు వచ్చినది. మొదట గొంతెత్తినవారు తొబాతాలోని గృహిణులు. భర్తలకు జీతమిచ్చే కర్మాగారాలను ప్రశ్నించడం వారికి సులభం కాదు. వారు మసిని కొలిచి, లెక్కలు వ్రాసి, నిపుణుల సాయంతో పరిశీలించి, 1965లో నీలాకాశం కావాలనే పేరుతో చలనచిత్రం తీసినారు. తరువాత నగరపాలకులు, కర్మాగారాలవారు కలిసి పూనుకొన్నారు. అఖాతపు అడుగున పేరుకొన్న విషపుబురదను తవ్వితీసినారు. 1990లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఈ నగరాన్ని గౌరవించినది. నేడు 622 మీటర్ల సరకురా కొండ ఎక్కి చూస్తే కర్మాగారాలూ కనబడతవి, ఆకాశమూ కనబడుతుంది. 2015లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పాత ఉక్కు కార్యాలయం నేటికీ కర్మాగారపు ఆవరణలోనే ఉన్నది. దానిని దూరం నుండి చూడడానికి ఒక స్థలం ఏర్పరచినారు.

మరొక చరిత్ర ఉన్నది. కోకురాలో ఆనాడు పెద్ద ఆయుధాగారం ఉండేది. 1945 ఆగస్టు 9న రెండవ అణుబాంబుతో వచ్చిన విమానానికి మొదటి గురి నగసాకి కాదు, కోకురా. విమానం మూడుసార్లు నగరం మీదికి వచ్చినది. క్రింద గురి కనబడలేదు. మేఘమా, ముందునాటి దాడిలో కాలిన యవాతా పొగయా అన్న విషయంలో అభిప్రాయభేదాలున్నవి. విమానం నగసాకికి మరలినది. అక్కడ 11 గంటల 2 నిమిషాలకు బాంబు పడినది. ఆయుధాగారం ఉన్నచోట నేడు కత్సుయామా ఉద్యానం ఉన్నది. ఏటేటా ఆ రోజున కోకురావాసులు అక్కడ చేరి నగసాకి మృతులకు నివాళులర్పిస్తారు. 2022లో నగరంవారు సమీపంలో శాంతి ప్రదర్శనశాలను తెరచినారు.

కోకురా విడిదిగా ఉన్నవారు ఒకరోజు హిరోషిమాకు, వేరొకరోజు నగసాకికి పోయి రావచ్చును. నగసాకికి హకాతాలోను, తకెయో ఓన్‌సెన్‌లోను రైలు మారవలె. అంతా కలిసి సుమారు రెండు గంటలు. ఆ రెండు నగరాల స్మారకశాలలను చూచి, సాయంకాలం కోకురాలో దిగి, దీపాలు వెలిగిన అంగళ్ళ మధ్య బడి నుండి వచ్చే పిల్లలను, పని ముగించి వచ్చే కార్మికులను చూచినప్పుడు, ఒక నగరం బ్రదికి ఉండడమంటే ఏమో తెలుస్తుంది. ఆ తెలివి స్మారకశాలలో దొరికేది కాదు.

వారం దినాలు చేతిలో ఉన్నవారికి నా సూచన ఇది. హిరోషిమాకు, నగసాకికి, బెప్పుకు, కుమమోతోకు ఒక్కొక్క రోజు. జలసంధికి, మోజికి ఒకరోజు. మిగిలిన రెండు రోజులు విడిది ఊరికే కేటాయించవలె. మన బైలదిల్లా ఇనుప ఖనిజం విశాఖపట్నం రేవు మీదుగా జపాను ఉక్కు కొలుములకు పోయిన సంగతి తెలిసిన తెలుగువారికి ఉక్కు నగరం పరాయి ఊరుగా తోచదు. విశాఖలో కొండమీద నిలిచి రేవును, పొగగొట్టాలను ఒకేసారి చూచిన కన్నులకు కితాక్యూషూ త్వరలోనే పరిచయమవుతుంది. విడిదిని తెలివిగా ఎన్నుకొన్న యాత్రికుడు ఊళ్ళు చూడడంతో తృప్తిపడక, ఒక ఊరితో స్నేహం కూడా చేసికొని తిరిగివస్తాడు.