గౌను లోపలి వైపు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

డాక్టర్లు, ఇంజనీర్లు మాట్లాడిన చోట ఒక టైలరు చేత కూడా మాట్లాడిస్తున్నందుకు సంఘానికి కృతజ్ఞతలు.

మగ్గం వర్క్ అనగానే పట్టుచీర మీది జాకెట్టే గుర్తొస్తుంది. ఇప్పుడు రిసెప్షన్లకు పొడుగు గౌన్ల మీద కూడా అదే పని చేయించుకుంటున్నారు. ఈమధ్య మేం కుట్టిన ఒక గౌను లెక్క చెబుతాను.

ముందు చవక నూలుగుడ్డతో నమూనా కుట్టి, పెళ్లికూతురికి తొడిగి సరిచూసుకున్నాం. ఆ కొలతలను అసలు గుడ్డ మీద గీశాం గానీ కత్తిరించలేదు. కుట్లు పడేకొద్దీ గుడ్డ లోపలికి లాక్కుంటుంది కాబట్టి, వర్క్ పూర్తయ్యాకే కత్తెర పట్టాలి. కాగితం మీద డిజైను గీసి, గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచి, జింకు పొడిని కిరసనాయిల్లో కలిపి రుద్ది గుడ్డ మీదకు దించాం. ఆరీ సూదితో గొలుసుకుట్టు వేగంగా సాగుతుంది. కానీ చివర ముడి సరిగా పడకపోతే దారం లాగగానే వరసంతా ఊడొస్తుంది. అందుకే బరువైన రాళ్లను మామూలు సూదితో విడివిడిగా కుట్టాం. అతుకు పడేచోట అరంగుళం మేర పూసలు లేకుండా వదిలి, గౌను కుట్టాక ఆ ఖాళీని చేత్తో నింపాం.

చివరికి అది 4 కిలోలు తూగింది. ఆ బరువంతా భుజాల మీద పడితే పిల్ల గంటసేపు కూడా నిలబడలేదు. లోపల నడుము చుట్టూ గట్టి పట్టీ వేసి, బరువు అక్కడ ఆగేలా చేశాం. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి నార్మన్ హార్ట్‌నెల్ రూపొందించిన గౌను పైన కామన్‌వెల్త్ దేశాల గుర్తులు కుట్టారు. మన దేశానికి తామరపువ్వు. ఆ ఎంబ్రాయిడరీ బరువు మోయడానికి లోపల గుర్రపు వెంట్రుకలతో నేసిన బిరుసు గుడ్డ వేశారు.

మా గౌనుకు ముగ్గురు 18 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున మగ్గం ముందు కూర్చున్నారు. మొత్తం 432 గంటలు. బేరం కుదిరే రోజున పెళ్లికూతురి తల్లి ఫోన్‌లో ఫొటో చూపించి, "ఇలాంటిదే 6 వేలకు వస్తోంది కదమ్మా" అన్నారు. ఆ 6 వేలూ కూలికే ఇచ్చినా గంటకు 14 రూపాయలు రావు. పూసల కొట్టువాడు నాకు ధర తగ్గించడు. నేను తగ్గించే ప్రతి రూపాయీ మెడ వంచి కుట్టేవాళ్ల కూలిలోంచే పోవాలి. ఆమెకు రెండు ముక్కలు తిరగేసి చూపించాను. ఒకదాంట్లో రాళ్లు జిగురుతో అంటించినవి. రెండోదాంట్లో ప్రతి రాయి వెనకా దారం ఉంది. ఆమె మరి బేరమాడలేదు.

మీరూ కొనేముందు లోపలి వైపు తిప్పి చూడండి. ఎన్ని గంటల పనో అడగండి. పెళ్లయ్యాక హ్యాంగరుకు వేలాడదీయకండి, బరువుకు సాగిపోతుంది. మెత్తని నూలుగుడ్డలో చుట్టి బల్లపరుపుగా పెట్టండి. జరీ మీద సెంటు కొట్టకండి, నల్లబడుతుంది.

మా కుట్టుపని టీచరుగారు రుమాలు చేతికివ్వగానే ముందు వెనకవైపే చూసేవారు. ఇప్పుడు మన బడిలో ఆ పీరియడు లేదట. ప్రధానోపాధ్యాయులవారు వారానికి ఒక గంట ఇప్పిస్తే నేనొచ్చి నేర్పుతాను. అబ్బాయిలకు కూడా. సూదులు, దారాలు నేనే తెస్తాను.